చంద్రగిరి దగ్గర ఇంటి స్థలంలో నీలగిరి చెట్లు: ఏ రకం పెట్టాలి, అసలు పెట్టొచ్చా?

చంద్రగిరి_కొత్తిల్లు:

అందరికీ నమస్కారం. చంద్రగిరి దాటాక మాకు 20 సెంట్ల స్థలం ఉంది. ఒక మూల ఇల్లు కట్టుకున్నాం, గృహప్రవేశం కూడా అయిపోయింది, ఇక మిగిలిన ఖాళీలో చెట్లు వేసుకోవాలి. ఎర్ర నేల, కాస్త తవ్వితే గరుసు తగులుతుంది. నీళ్ళకి ఉన్నది ఒకటే బోరు, మే నెలలో అది కూడా ఆగి ఆగి పోస్తుంది. పడమటి ఎండ నేరుగా గోడకి కొడుతుంది కాబట్టి త్వరగా ఎదిగే చెట్టు ఏదైనా కావాలి. నాకూ మా ఆయనకూ నీలగిరి చెట్లంటే చాలా ఇష్టం. హార్స్‌లీ హిల్స్ మీద ఆ చెట్ల కింద నడుస్తుంటే వచ్చే వాసన, ఆ నున్నటి మానులు... అలాంటివి రెండు మూడు మన ఇంటి దగ్గరే ఉంటే బాగుంటుందని ఎప్పటినుంచో అనుకుంటున్నాం.

ఏది కొనాలో మాత్రం తెలియడం లేదు. ఒక నర్సరీలో అడిగితే "నీలగిరి అంటే నీలగిరేనమ్మా, అన్నీ ఒకటే" అన్నారు. ఆన్‌లైన్‌లో చూస్తే రంగురంగుల మాను ఉన్నది ఒకటి, బొకేల్లో పెట్టే గుండ్రటి వెండి రంగు ఆకుది ఒకటి, నిమ్మ వాసనది ఇంకొకటి కనిపించాయి. మా మరిది ఏమో "వద్దు వదినా, అది పెడితే బోరు ఎండిపోతుంది" అని గట్టిగా చెబుతున్నాడు. పక్క స్థలం వాళ్ళది మామిడి తోట, వాళ్ళకి ఇబ్బంది అవుతుందేమోనని అదో టెన్షన్. పెంచినవాళ్ళు, దగ్గరగా చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

తిరుపతి_తోటపని:

అన్నీ ఒకటే అన్నది అస్సలు నిజం కాదమ్మా. నీలగిరి అంటే యూకలిప్టస్, అందులో 700కి పైగా జాతులున్నాయి, దాదాపు అన్నీ ఆస్ట్రేలియావే, కానీ వాటిలో కొన్ని మంచు పడే కొండల్లో పుట్టినవి, కొన్ని ఏడాదిలో సగం రోజులు ఎండిపోయి ఉండే నదుల ఒడ్డున పుట్టినవి. పుట్టిన చోటు చూడకుండా ఫోటో చూసి కొంటే డబ్బులు పోతాయి. నేను ఇళ్ళకీ ఫామ్‌హౌస్‌లకీ తోటలు వేస్తుంటాను, ఈ ప్రశ్న తరచుగా వస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

రంగురంగుల మాను ఉన్నది రెయిన్‌బో యూకలిప్టస్, శాస్త్రీయంగా డెగ్లుప్టా అంటారు. అది ఆస్ట్రేలియాది కాదు, ఫిలిప్పీన్స్, ఇండోనేసియా, పాపువా న్యూగినీ అడవుల్లోది. ఏడాది పొడవునా వానలు పడే చోట 60 మీటర్లకు పైగా పెరుగుతుంది. మన దగ్గర వాన ఎక్కువ భాగం జూన్ నుంచి డిసెంబరు లోపల పడిపోతుంది, తర్వాత నెలల తరబడి నేల ఎండుతుంది. పొడి చోట్ల అది బతికినా ఆ రంగులు అంతగా తేలవు. రీల్స్‌లో కనిపించే రంగులు చాలావరకు ఫోన్‌లో పెంచినవి కూడా. దాన్ని మర్చిపోండి.

గుండ్రటి వెండి ఆకుది సినేరియా, సిల్వర్ డాలర్ అని అమ్ముతారు. అలాంటివే గన్నీ, బేబీ బ్లూ అని ఇంకొన్ని ఉన్నాయి. ఇవన్నీ చలి ప్రాంతాలవి, ఊటీ కొడైకెనాల్ లాంటి చోట బాగుంటాయి. తిరుపతిలో మే నెలలో 40 డిగ్రీలు దాటాక కుండీలో పెట్టిన మొక్క వేరు ఉడికిపోతుంది. ఇంకో సంగతి, ఆ గుండ్రటి ఆకు లేత వయసు ఆకు. చెట్టు ముదిరితే చాలా జాతుల్లో ఆకు పొడుగ్గా మారిపోతుంది, అందుకే బొకేల కోసం పెంచేవాళ్ళు ఎప్పటికప్పుడు కత్తిరిస్తూ కొత్త చిగురు రప్పిస్తారు. ఊటీలో నూనె తీసే బ్లూ గమ్, అంటే గ్లోబ్యులస్, అది కూడా కొండ చలికి అలవాటు పడ్డదే. హార్స్‌లీ హిల్స్ 1,200 మీటర్ల పైన ఉంది, అక్కడ చూసిన చెట్టు చంద్రగిరిలో అలాగే పెరుగుతుందని అనుకోకండి.

మన మైదానంలో నిక్షేపంగా బతికేవి టెరెటికార్నిస్, కమాల్డ్యులెన్సిస్. మీరు రోడ్ల పక్కన, చేల గట్ల మీద చూసే జామాయిల్ తోటలు ఇవీ వీటి సంకరాలూ. మైసూర్ గమ్ అనే పేరు వినే ఉంటారు. టిప్పు సుల్తాన్ కాలంలో, 1790 ప్రాంతంలో బెంగళూరు దగ్గరి నంది కొండల మీద వేయించిన చెట్ల సంతతి అది, అక్కడి నుంచే దక్షిణాది అంతా పాకింది. ఎండకి తట్టుకుంటుంది, ఎవరూ పట్టించుకోకపోయినా పెరుగుతుంది, నిజమే. అయినా అది కట్టెకి, కాగితం గుజ్జుకి వేసే చెట్టు. 20 సెంట్లలో ఇంటి పక్కన పెట్టేది కాదు.

మీ ఇష్టానికి దగ్గరగా వచ్చేది నిమ్మ వాసనదే, సిట్రియోడొరా. 1995 వరకు యూకలిప్టస్‌లోనే లెక్క, ఆ తర్వాత కొరింబియా అనే వేరే ప్రజాతిలో పెట్టారు. నున్నటి తెల్లని మాను, బెరడు ఊడినప్పుడు లేత గులాబీ రంగు తేలుతుంది, వాన పడ్డాక ఆ వాసన వీధి చివరి వరకు వస్తుంది. మన ఎండకి నిలబడుతుంది. కానీ అది కూడా 25, 30 మీటర్ల చెట్టే, అంటే ఎనిమిది తొమ్మిది అంతస్తుల ఎత్తు. ఇల్లు, కరెంటు తీగలు, పక్కవాళ్ళ గోడ, వీటన్నిటికీ దాని పూర్తి ఎత్తంత దూరం ఉంటేనే చెట్టుగా వదలాలి. మీ స్థలంలో అంత దూరం దొరకదని నా ఉద్దేశం.

ఇక పడమటి గోడ సంగతి. నీలగిరి ఆకులు కిందికి వేలాడుతూ ఉంటాయి, ఎండ నేరుగా పడకుండా చెట్టు తనని తాను కాపాడుకునే పద్ధతి అది. అందువల్ల దాని కింద చిక్కటి నీడ ఉండదు. నీడ కోసం అయితే ఇది కాదు, కానుగ పెట్టండి.

పలమనేరు_రైతు:

మీ మరిది చెప్పింది ఊరికే కొట్టిపారేయకండి అక్కా. మా పలమనేరు తట్టు, కుప్పం తట్టు బోర్లు ఎంత లోతుకి పోయాయో చూసినవాళ్ళకి తెలుసు. అన్నిటికీ నీలగిరే కారణం అని నేను అనను, టమోటాలకీ మల్బరీకీ మేమంతా తోడేసిన నీళ్ళు తక్కువేం కాదు. అయినా తోపు ఉన్న పొలం పక్క పొలంలో గట్టు వారగా పైరు ఎలా గిడసబారిపోతుందో కళ్ళారా చూస్తున్నాం కదా. దాని వేరు చాలా లోతుకి పోతుంది, పైన వాన లేకపోయినా కింద దాచుకున్న తేమ లాగేస్తుంది. సరిహద్దు దాటితే కోలారు, అక్కడ బీడు భూములన్నీ ఇవే వేశారు, చివరికి కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్తగా నాటడాన్నే నిషేధించింది. ఊరికే చేస్తుందా ప్రభుత్వం?

ఇంకోటి, తీసేయాలనుకున్నప్పుడు తెలుస్తుంది బాధ. కొట్టేస్తే పోదు, మొద్దు నుంచి మళ్ళీ నాలుగు కొమ్మలు లేస్తాయి. తోపులు వేసేవాళ్ళకి అదే లాభం, నాలుగైదేళ్ళకోసారి కొడతారు, మళ్ళీ నాటే పని లేకుండా రెండో కోత, మూడో కోత వస్తుంది. ఇంటి దగ్గర మాత్రం జేసీబీ పెట్టి మొద్దు పెకిలించాల్సిందే, ఆ ఖర్చు వేరే. రాలిన ఆకు త్వరగా కుళ్ళదు, మేకలు కూడా ముట్టవు, దాని కింద గడ్డి కూడా సరిగా మొలవదు. ఎండాకాలం ఆ ఎండాకుకి నిప్పంటుకుంటే నూనె ఉంటుంది కాబట్టి భగ్గుమంటుంది. పక్కన మామిడి తోట ఉందంటున్నారు, వాళ్ళ చెట్లకి అందాల్సిన తేమ మీ చెట్టు లాగితే రేపు కాయ సైజు తగ్గిందని మీ గడప తొక్కుతారు. బంధాలు చెడగొట్టుకోకండి.

రేణిగుంట_మామ్:

చెట్లంటే ఇష్టం ఉన్నవాళ్ళని వద్దు వద్దు అని భయపెట్టడం నాకు నచ్చదు కానీ ఈ విషయంలో పెద్ద చెట్టు వద్దనే నేనూ అంటాను, గాలివానల వల్ల. 2021 నవంబరులో తిరుపతిలో వరదలు ఎలా వచ్చాయో అందరికీ గుర్తే. నేల నానిపోయి మెత్తబడ్డాక గాలి వస్తే ఎంత పొడుగు చెట్టు అయితే అంత ప్రమాదం. నీలగిరికి ఇంకో గుణం ఉంది, గాలి లేకపోయినా ఎండాకాలంలో ఉన్నట్టుండి పచ్చి కొమ్మే విరిగి పడుతుంది. పిల్లలు ఆడుకునే చోట, కారు పెట్టే చోట అసలు పనికిరాదు.

అదే కుటుంబంలో బాటిల్ బ్రష్ ఉంది కదండీ. అది కూడా ఆస్ట్రేలియాదే, ఆకు నలిపితే కొంచెం అదే తరహా వాసన, కొమ్మలు ఏటవాలుగా వాలుతూ చిన్న చెట్టుగానే ఉండిపోతుంది, ఎర్రటి పూలకి తేనెపిట్టలు వస్తూనే ఉంటాయి. మా గేటు పక్కన ఉంది, రెండో ఏడు నుంచి నీళ్ళు అంతగా అడగలేదు. మన నేరేడు, జామ కూడా ఆ కుటుంబానివే.

తిరుపతి_తోటపని:

రైతు అన్న చెప్పింది తోపుల విషయంలో పూర్తిగా ఒప్పుకుంటాను. ఎకరాల కొద్దీ, మీటరు రెండు మీటర్ల ఎడంలో వేస్తే నేలలోకి దిగాల్సిన వాన నీరు దిగదు. ఇంట్లో పెట్టే ఒక్క మొక్కని దాంతో సమానంగా చూడలేం. చెట్టు ఎంత నీరు తాగుతుందనేది దానికి ఎంత ఆకు ఉందనే దాని మీద ఆధారపడుతుంది. ఆకు తక్కువ ఉంచితే నీరు తక్కువ.

అందుకే వాసన కోసమే కావాలనుకుంటే ఒక దారి ఉంది. సిట్రియోడొరా ఒక్కటంటే ఒక్కటే పెట్టి, చెట్టుగా ఎదగనీయకుండా పొదగా ఉంచండి. మొదటి రెండేళ్ళు వదిలేయండి, మాను మణికట్టంత లావు అయ్యాక వానలకి ముందు మోకాలి ఎత్తులో కోసేయండి, చుట్టూ చిగుళ్ళు వస్తాయి, మూడు నాలుగు ఉంచి మిగతావి తీసేయండి. ఆ తర్వాత ఏటా అదే ఎత్తుకి కోస్తూ పోవాలి. లేత ఆకులకి వాసన చాలా బాగుంటుంది, ఎప్పుడూ చేతికి అందేంత ఎత్తులో ఉంటుంది. ఇది మానేస్తే మాత్రం పదేళ్ళలో మళ్ళీ పెద్ద చెట్టు అయి కూర్చుంటుంది, కాబట్టి ఏటా చేసే ఓపిక ఉంటేనే పెట్టండి. ఎదిగిపోయిన చెట్టుని నడిమికి నరికించడం మాత్రం ఎప్పుడూ చేయకండి, ఆ నరికిన చోట నుంచి వచ్చే కొమ్మలు పైపైనే అంటుకుని ఉంటాయి, గాలికి అవే ముందు ఊడతాయి.

మొక్క కొనేటప్పుడు ఆరడుగులది చూసి మురిసిపోకండి. కవర్‌లో చాలాకాలం ఉన్న మొక్కకి వేరు గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటుంది, అలాంటిది భూమిలో ఎన్నాళ్ళున్నా పట్టు చిక్కదు. అడుగు అడుగున్నర ఉన్న లేత మొక్కే మేలు. ఆకు ఈనెల మీద, తొడిమల మీద బుడిపెలు ఉంటే వద్దనండి, అది చిన్న కందిరీగ లాంటి పురుగు పని. నాటిన మొదటి ఏడాది చెదలు ఎక్కువ, గుంతలో వేప పిండి కలపండి.

చంద్రగిరి_కొత్తిల్లు:

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ, ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. రాత్రి కూర్చుని మా ఆయనా నేనూ మాట్లాడుకున్నాం. పడమర కానుగలు రెండు, గేటు దగ్గర బాటిల్ బ్రష్, నిమ్మ వాసన నీలగిరి ఒకటే, అదీ పొదగా. మామిడి తోట వైపు కాకుండా రోడ్డు వైపు పెడతాం. మా మరిదికి ఈ జవాబులన్నీ చూపించాను, "పొదగా అయితే సరే" అన్నాడు.

రెండు చిన్న ప్రశ్నలు. ఇంటి గోడకి ఎంత దూరంలో పెట్టాలి? ఆ ఆకులు వేడి నీళ్ళలో వేసి పిల్లలకి స్నానం చేయించవచ్చా? ఇంటి దగ్గర ఈ మొక్క ఉంటే దోమలు రావని కూడా విన్నాను.

తిరుపతి_తోటపని:

ఏటా కోస్తారు కాబట్టి 5 మీటర్లు చాలు, సెప్టిక్ ట్యాంకుకీ పైపులకీ మాత్రం ఇంకా దూరంగా ఉంచండి, తడి ఉన్న చోటికే వేరు పోతుంది. దోమల మాట నమ్మకండి. దోమల మందులో వాడేది ఆకు నూనెని శుద్ధి చేసి తీసిన పదార్థం, మొక్క ఊరికే నిలబడి ఉన్నంత మాత్రాన దోమలు పోవు.

రేణిగుంట_మామ్:

పెద్దవాళ్ళ స్నానానికి గుప్పెడు ఆకులు వేసుకుంటే ఏం కాదు, మా అత్తగారు ఒళ్ళు నొప్పులకి అలాగే చేసేవారు. పసిపిల్లలకి వద్దు. ఇంట్లో నీలగిరి తైలం సీసా ఉంటే దాన్ని కూడా పిల్లలకి అందని చోట పెట్టండి, కొద్దిగా మింగినా విషమే, ముక్కుకీ మొహానికీ రాయడం కూడా చిన్నపిల్లలకి మంచిది కాదు. పిల్లల వయసెంతో చెప్పండి, మూడేళ్ళ లోపు అయితే ఆకు కోసినప్పుడు కూడా వాళ్ళ చేతికి ఇవ్వకండి, నోట్లో పెట్టుకుంటారు.