అప్‌డేట్: స్ట్రూప్ ప్రాక్టికల్‌కి మీన్ రాయాలా మీడియన్ రాయాలా
మొన్న అడిగా కదండీ, ‘ఎరుపు’ అని ఆకుపచ్చ ఇంకుతో రాసి ఇంకు రంగు చెప్పమంటాం, స్ట్రూప్ అనే సైకాలజిస్టు 1935లో చేసిన ప్రయోగం, దాని డేటాకి మీన్ (సగటు) వాడాలా మీడియన్ (వరసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చే విలువ) వాడాలా అని. మీడియనే వాడా. ఒకమ్మాయి టైమ్‌లు 640, 660, 680, 700, 1820 మిల్లీసెకన్లు, చివర్లో పాపం దగ్గొచ్చింది. మీన్ తీస్తే 900, కానీ ఆ దరిదాపుల్లో తన జవాబు ఒక్కటీ లేదు, మీడియన్ 680, అదే తన అసలు స్పీడు. ఇలా ఒక్కొక్కరికీ రెండు లిస్టులకీ (పదం, ఇంకు రంగు కలిసేది ఒకటి, కలవనిది ఒకటి) మీడియన్ తీసి, రెండూ చేసింది అదే మనుషులు కాబట్టి పెయిర్డ్ టీ-టెస్ట్ (ఒకే మనుషుల రెండు కొలతల మధ్య తేడా నిజమైనదా, యాదృచ్ఛికమా అని చూసే పరీక్ష) పెట్టా. సగం మందికి లిస్టుల వరస తిప్పమన్నవాళ్ళకి చాలా థ్యాంక్సండీ, లేకపోతే తేడా రంగు వల్లా ప్రాక్టీస్ వల్లా అన్నది తేలేదే కాదు. మేడమ్ సంతకం పెట్టేశారు, వైవాకి కోహెన్స్ డి (తేడా ఎంత పెద్దదో చెప్పే కొలత) చదువుతున్నా.