అప్‌డేట్: 21వ వారం, ఎఫ్‌ఐఆర్ లేకుండానే అబార్షన్ అయింది

నా ఫ్రెండ్‌పై అత్యాచారం జరిగిందని, పోలీసు కేసు లేనిదే అబార్షన్ చెయ్యబోమంటూ ఆసుపత్రివాళ్లు వెనక్కి పంపారని పోయిన నెల అడిగింది నేనే. అయిపోయింది, తను బాగానే ఉంది. లాయర్‌ని కలవమన్నవాళ్లకి థాంక్స్, పని చేసింది అదే. 2021లో సవరించిన ఎంటీపీ చట్టం (అబార్షన్లకి సంబంధించిన చట్టం) ప్రకారం అత్యాచార బాధితులకి 24 వారాల వరకు అవకాశం ఉంది, 20 దాటితే ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం కావాలి, అంతే. దీనికి ఎఫ్‌ఐఆర్ అక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టే చెప్పింది. ఆ తీర్పు కాపీ పట్టుకుని ఇంకో ఆసుపత్రికి వెళ్తే మారుమాట్లాడకుండా చేర్చుకున్నారు. అమ్మానాన్నల సంతకం గురించి మేం పడ్డ టెన్షన్ అంతా దండగ, 18 నిండాయి కాబట్టి తన సంతకమే చాలింది. కేసు పెట్టాలా వద్దా అన్నది తనింకా తేల్చుకోలేదు, డీఎన్‌ఏ శాంపిల్ మాత్రం భద్రపరచమని రాసిచ్చాం.