నీటిమట్టం కంట్రోలరుకు మొదటి పీసీబీ: ఆర్డరు పెట్టేముందు ఏమి సరిచూసుకోవాలి?

మేడమీది_ట్యాంకు:
నమస్కారం. మా ట్యాంకు నిండగానే బోరు మోటారు దానంతటదే ఆగిపోయేలా ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంప్యూటరు చిప్) మాడ్యూలుతో ఒక కంట్రోలరు తయారుచేసి, రంధ్రాల జీరో బోర్డు మీద సోల్డరింగు చేసి ఎనిమిది నెలలుగా వాడుతున్నాను. పని బాగానే చేస్తోంది గానీ, బోర్డు వెనక వైర్లు అల్లుకుపోయాయి. మొన్న ఒక జాయింటు ఊడిపోతే, పొంగిన నీళ్లు మెట్లదాకా వచ్చేవరకు మాకు తెలియలేదు. అందుకని బోర్డులు గీసే కైక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో 80 × 60 మి.మీ. కొలతతో రెండు పొరల పీసీబీ (భాగాలను కలిపే రాగిగీతలు ముందే ఉండే బోర్డు) గీశాను. ఈఆర్‌సీ (సర్క్యూటు తనిఖీ), డీఆర్‌సీ (బోర్డు గీతల తనిఖీ) రెండూ తప్పులేమీ చూపడం లేదు. ఇక ఆర్డరు పెట్టేయవచ్చా?

రాగిగీత:
ఇంకొక్క రోజు ఆగండి. డీఆర్‌సీ గీతల మధ్య దూరాన్ని, తెగిన కనెక్షన్లను పట్టుకుంటుందే తప్ప, మీ చేతిలో ఉన్న విడిభాగం కాళ్లు ఏ వరుసలో ఉన్నాయో దానికి తెలియదు. చదునువైపు మనకేసి, కాళ్లు కిందికి ఉంచి చూస్తే బీసీ547 ట్రాన్సిస్టరుకు ఎడమనుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. పీఎన్2222ఏకు సరిగ్గా తిరగేసి. నేను నా మొదటి బోర్డులో పీఎన్2222ఏ ప్రకారం గీసి బీసీ547 బిగించాను. రిలే (చిన్న కరెంటుతో నడిచే స్విచ్చు) కాయిల్‌కు చాలినంత కరెంటు అందక అది పట్టలేదు; ట్రాన్సిస్టరును వెనక్కు తిప్పితే చాలునని తెలియడానికి రెండు రాత్రులు పట్టింది. వోల్టేజిని 3.3కు తగ్గించే రెగ్యులేటరుతో అలా సర్దుకోవడం కుదరదు. ఏఎమ్‌ఎస్1117 రెగ్యులేటరు వెడల్పాటి రేకు గ్రౌండు కాదు, అవుట్‌పుట్. దానిని గ్రౌండు రాగిలో కలిపితే 3.3 వోల్టులు నేరుగా షార్టవుతాయి. డేటాషీటు పక్కన పెట్టుకొని ఒక్కొక్క కాలూ సరిచూడండి. ఆపైన లేఅవుట్‌ను అసలు కొలతలో కాగితంపై ప్రింటు తీసి, థర్మాకోల్ ముక్కకు అంటించి, విడిభాగాలన్నింటినీ గుచ్చి చూడండి.

స్టార్టరుపెట్టె:
నాకు రిలే గురించే ఎక్కువ దిగులుగా ఉంది. మీరు వాడేది నీలంరంగు చిన్న రిలే అయితే, దానిమీద 10 ఆంపియర్లని ఉన్నా మోటారును నేరుగా దానికి తగిలించకండి. మోటారు లేచేటప్పుడు మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, కాంటాక్టులు అతుక్కుపోతే ట్యాంకు నిండినా మోటారు ఆగదు. రిలే, కాంటాక్టరు (పెద్ద కరెంటును తట్టుకొనే స్విచ్చు) కాయిల్‌ను నడపాలి, కాంటాక్టరు మోటారును నడపాలి. ఇంకొకటి, ఆ రిలేలో 230 వోల్టులు వచ్చే కామన్ కాలు రెండు కాయిల్ కాళ్ల నడుమనే ఉంటుంది. మధ్యనుంచి మధ్యకు దూరం సుమారు 6 మి.మీ.; ప్యాడ్ల వెడల్పు తీసేస్తే మిగిలేది ఇంకా తక్కువ. అందుకే కామన్ కాలికి, కాయిల్ కాళ్లకు నడుమ బోర్డులోనే సన్నని గాడి కోయించండి, మెయిన్స్ భాగం కింద ఏ పొరలోనూ గ్రౌండు రాగి పరచకండి. వైఫై యాంటెన్నా కిందా రాగి ఉండకూడదు. ఆ కొసను బోర్డు అంచు దాటించి పెడితే ఇంకా మేలు.

మేడమీది_ట్యాంకు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. కాంటాక్టరు ముందునుంచీ ఉంది, గాడి ఇప్పుడే గీశాను. ప్రింటు తీసి చూస్తే ఎనిమిది కాళ్ల స్క్రూ టెర్మినల్‌లో మొదటి కాలు సరిగ్గా దిగింది గానీ, చివరిది రంధ్రం అంచుకు తగులుతోంది. స్కేలు పెట్టి కొలిస్తే నా దగ్గరున్నది 5.08 మి.మీ. దూరానిది, నేను గీసింది 5 మి.మీ.కు. ఏడు సందుల్లో అది అరమిల్లీమీటరు దాటింది. రెగ్యులేటరు రేకు కూడా గ్రౌండులోనే కలిసి ఉంది!

తెల్లసిల్కు:
అయితే కాగితం ఖర్చు వచ్చేసినట్టే. ఇక గెర్బర్లతో (తయారీదారుకు పంపే బోర్డు పొరల ఫైళ్లతో) పాటు డ్రిల్ ఫైలునూ తీసి, పంపేముందు గెర్బర్ వ్యూయరులో విడిగా తెరచి చూడండి. గాడి బోర్డు అంచు ఉన్న పొరలోనే ఉండాలి, సిల్కు పొరలో (బోర్డుమీద అక్షరాలు అచ్చయ్యే పొరలో) గీస్తే తెల్లగీతగా అచ్చవుతుందే గానీ కోయరు. 1.6 మి.మీ. మందం, 35 మైక్రాన్ల రాగి మీకు చాలు. విదేశంనుంచి తెప్పిస్తే బోర్డు ధరొక్కటే కాక, షిప్పింగు, కస్టమ్స్ సుంకం కూడా లెక్కవేసుకొని ఇక్కడి ధరతో పోల్చండి. బోర్డులు వచ్చాక అన్నీ ఒకేసారి బిగించకండి. ముందు రెగ్యులేటరు, దాని కెపాసిటర్లు మాత్రమే సోల్డరు చేసి, మెయిన్స్ తగిలించకుండా 5 వోల్టులు ఇచ్చి, మల్టీమీటరులో 3.3 కనిపించిన తర్వాతే ఈఎస్‌పీ32 మాడ్యూలును పెట్టండి.