పాత చెక్క కెమెరా ఏ కాలం నాటిదో తేల్చడం ఎలా?

వన్‌టౌన్_చిన్నోడు:
తాతగారి స్టూడియో సామాన్లలో చెక్క కెమెరా బయటపడింది. ఇత్తడి బిగింపులు, ఎర్రటి బెల్లోస్ (హార్మోనియం తిత్తిలా మడతలు పడే భాగం), కంపెనీ పేరు ఎక్కడా లేదు. షట్టర్ మీద మాత్రం ‘కాంపూర్’ అని ఉంది. ఇంట్లో అందరూ ఇంగ్లండ్‌ది, 120 ఏళ్ల నాటిది అంటున్నారు. నిజమేనా?

నల్లగుడ్డ:
కాంపూర్ షట్టర్ వచ్చిందే 1912లో, అదీ జర్మనీ సరుకు. అయితే దాన్ని బట్టి పెట్టె వయసు చెప్పలేం. స్టూడియోవాళ్లు పెట్టె అదే ఉంచి షట్టరుతో సహా లెన్సులు మార్చేసేవారు. లెన్స్ బోర్డు (లెన్స్ బిగించిన పలక) ఊడదీసి చూడండి. పూడ్చిన పాత స్క్రూ రంధ్రాలుంటే ఇది మొదటి లెన్స్ కాదన్నమాట. గాజు మీద నీలం, ఊదా మెరుపు కనిపిస్తే కోటింగ్ (పలుచని పూత) ఉన్నట్టే. మామూలు లెన్సులకు అది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే వచ్చింది.

బీచ్‌రోడ్_మావయ్య:
ముందు ఇంగ్లండ్‌దే అని ఎందుకు అనుకోవాలి? మన దేశంలోనే కేరళ అలెప్పీలో వాగీశ్వరి కెమెరాలు 1940లలో మొదలయ్యాయి, టేకుతో చేసేవారు. పాత ఇంగ్లిష్ పెట్టెలు ఎక్కువగా మహాగని. ఏ కలపో వడ్రంగికి చూపించండి. పాలిష్ మాత్రం పెట్టనివ్వకండి బాబూ! ఇత్తడి తోమితే పైనున్న పాత లక్క పూత పోతుంది, మన సముద్రపు గాలికి ఆ తర్వాత చిలుము పట్టడం ఇంకా తేలిక.

వన్‌టౌన్_చిన్నోడు:
గ్రౌండ్ గ్లాస్ (వెనక బొమ్మ కనిపించే గరుకు గాజు) కొలిచాను, 4¾ × 6½ అంగుళాలు. అడుగు చెక్క మీది ఇత్తడి పట్టీకి ఇంగ్లిష్‌లో ‘బ్రిటిష్ పేటెంట్’ అని, పక్కన ఆరంకెల నంబరు ఉంది. చిలుము కింద దాక్కుంది.

నల్లగుడ్డ:
కొలత హాఫ్ ప్లేట్ అనే పాత ఫొటో ప్లేట్ల సైజు. అది చాలా దశాబ్దాలు నడిచింది కాబట్టి దాంతో ఏమీ తేలదు. నంబరు మాత్రం బంగారం. బ్రిటిష్ పేటెంట్ల నంబర్లు 1916కు ముందు ఏటా మళ్లీ ఒకటితో మొదలయ్యేవి, అందుకే పక్కన సంవత్సరం కూడా వేసేవారు. 1916 నుంచి 1,00,001తో మొదలుపెట్టి వరసగా ఇచ్చుకుంటూ పోయారు. ఆరంకెలంటే ఆ పట్టీ 1916కు ముందుది కాదు.

పాతసామాన్ల_పిచ్చి:
ఆ పట్టీ తర్వాత తగిలించిందేమో కూడా చూడాలి. స్క్రూల తల ప్లస్ ఆకారంలో ఉందా, ఒకే గాడితో ఉందా? ప్లస్ స్క్రూలు 1930లలో వచ్చాయి. అవి ఉంటే తర్వాత ఎవరో రిపేరు చేసినా చేసి ఉంటారు.

వన్‌టౌన్_చిన్నోడు:
అన్నీ ఒకే గాడి. పట్టీ కింద చెక్క రంగు కూడా మారలేదు, వేరే రంధ్రాలూ లేవు.

నల్లగుడ్డ:
అయితే పట్టీ మొదటి నుంచీ ఉన్నదే. 120 ఏళ్ల మాట వదిలేయండి. పేటెంట్ సైట్‌లో ఆ నంబరు వెతికితే సంవత్సరం దొరుకుతుంది. కెమెరా ఆ ఏటిదో, తర్వాతదో అవుతుంది, ముందుది మాత్రం కాదు.

వన్‌టౌన్_చిన్నోడు:
వెతికి చెప్తాను. ముందు ఈ సంగతి మా నాన్నకి ఎలా చెప్పాలా అన్నదే టెన్షన్.