బ్యారీ బాండ్స్‌ని ఏమని గుర్తుపెట్టుకోవాలి? 762 లెక్కలోకి వస్తుందా, రాదా?

ఫ్రీమాంట్‌వాసి:
ఇక్కడ బేస్‌బాల్ చూసేవాళ్ళు తక్కువే, అయినా బే ఏరియాలోనూ అట్లాంటాలోనూ ఉన్న మనవాళ్ళు కొందరైనా ఉంటారు కదా అని అడుగుతున్నా. బాండ్స్ చివరి మ్యాచ్ ఆడింది 2007లో. 762 హోమ్ రన్లు (బంతిని మైదానం అవతలికి కొట్టడం), ఏడుసార్లు ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే అవార్డు), ఈ రెండు రికార్డులూ ఇప్పటికీ అతనివే. అయినా గొప్పవాళ్ళకి ఫలకాలు పెట్టే మ్యూజియం హాల్ ఆఫ్ ఫేమ్‌లో లేడు. పదేళ్ళపాటు బేస్‌బాల్ విలేకరుల ఓటింగ్‌లో ఉన్నాడు, 2013లో 36.2 శాతంతో మొదలై 2022కి 66 దాకా వచ్చి ఆగిపోయాడు, కావాల్సింది 75. తర్వాత, ఓటింగ్‌లో మిగిలిపోయినవాళ్ళని చూసే కమిటీ దగ్గరకి వెళ్తే 2022లో ఫ్రెడ్ మెగ్రిఫ్‌ని తీసుకున్నారు, 2025లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఇతని పక్కనే ఆడిన జెఫ్ కెంట్‌ని తీసుకున్నారు, ఇతన్ని మాత్రం లేదు. సరే, ఓట్లు వాళ్ళ ఇష్టం. మనలాంటి చూసినవాళ్ళ సంగతేంటి? నా వరకు చెప్పాలంటే అంతటి బ్యాటర్‌ని నేను చూడలేదు, స్టెరాయిడ్స్ అన్న ఒక్క మాటతో ఆ కెరీర్ మొత్తాన్ని కొట్టిపారేస్తే ఒప్పుకోను.

ఆల్ఫరెట్టా:
నేను ఒప్పుకుంటాను అన్నా. మా ఊళ్ళో హోమ్ రన్ రికార్డు ఎంత అని పెద్దవాళ్ళని అడిగితే 755 అంటారు, మా అట్లాంటాకి ఆడిన హాంక్ ఆరన్‌ది, 762 అనరు. ఆరన్ 1973 సీజన్ 713 దగ్గర ముగించాడు, బేబ్ రూత్ 714ని ఒక నల్లవాడు దాటడానికి వీల్లేదని ఆ చలికాలమంతా చంపేస్తామంటూ ఉత్తరాలు వచ్చాయి. 1974 ఏప్రిల్ 8న 715వది కొట్టి హోమ్ ప్లేట్ దగ్గరకి రాగానే వాళ్ళమ్మ వచ్చి కొడుకుని గట్టిగా పట్టేసుకుంది. ఆ ఫోటో చూసినవాడెవడూ ఆ రికార్డుని ఉత్త అంకె అనుకోడు. అలాంటిదాన్ని 2007 ఆగస్టు 7న బాండ్స్ దాటితే, ఆరన్ అక్కడికి వెళ్ళలేదు, స్కోర్‌బోర్డు మీద ఆయన ముందే రికార్డు చేసి పంపిన అభినందన మాత్రం వేశారు. పెద్దమనిషి కాబట్టి హుందాగా మాట్లాడాడు, ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆయన అనలేదు కదా అని మేం కూడా నోరు మూసుకోవాలా?

పాలమూరుపిల్ల:
ఆరన్ గారి మీద గౌరవం ఉండాల్సిందే, అందులో గొడవ లేదు. కానీ అందరూ బాండ్స్ కెరీర్‌ని 73 హోమ్ రన్లు కొట్టిన 2001 నుంచి మొదలుపెడతారు, నాకు నచ్చనిది అదే. 1998 సీజన్ అయ్యేసరికే 411 హోమ్ రన్లు, 445 స్టీల్స్ (ఎవరూ బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరిగెత్తి చేరడం), మూడు ఎంవీపీలు, ఫీల్డింగ్‌కిచ్చే గోల్డ్ గ్లవ్‌లు ఎనిమిది ఉన్నాయి. హోమ్ రన్లూ స్టీల్సూ రెండూ నాలుగు వందలు దాటినవాడు అంతకుముందు ఒక్కడూ లేడు. అదే ఏడాది మే 28న ఆరిజోనాతో మ్యాచ్, తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు ఔట్, ఆరిజోనాకి 8-6 ఆధిక్యం, మూడు బేస్‌ల మీదా మనుషులున్నారు. మేనేజర్ బక్ షోవాల్టర్ బాండ్స్‌కి కావాలని వాక్ ఇప్పించాడు! తెలియనివాళ్ళకి చెప్తున్నా, అంటే అప్పట్లో బంతి అందకుండా నాలుగుసార్లు పక్కకి వేసి అతన్ని ఊరికే మొదటి బేస్‌కి పంపడం, బేస్‌లు నిండి ఉన్నాయి కాబట్టి ఒక పరుగు చేజేతులా ఇచ్చెయ్యడం. 8-7 అయినా పర్లేదు, వీడికి మాత్రం బంతి వెయ్యొద్దు అనుకున్నారు. తర్వాతవాడు ఔటయ్యాడు, ఆరిజోనా గెలిచింది. ఆ భయం ఏ మందు వల్ల వచ్చింది?

ఆల్ఫరెట్టా:
పిల్లా, నువ్వు చెప్పిందంతా నిజమే, నాకు కోపం వచ్చేదీ అక్కడే. అంతకుముందే అంత గొప్పవాడైతే ఇక ఏం తక్కువైందని? 1998లో మెగ్వైర్ 70, సోసా 66 హోమ్ రన్లు కొడుతుంటే దేశమంతా వాళ్ళ వెనక పరిగెత్తింది, ఇతను ఎవరికీ కనపడలేదు. ఏ రికార్డూ లేని ఆటగాడు ఉద్యోగం నిలబెట్టుకోవడానికి తప్పు చేశాడంటే జాలిపడతాను. అన్నీ ఉన్నవాడికి ఆ జాలి ఎందుకు చూపించాలి? "ముందే గొప్పవాడు" అనే మాట అతన్ని కాపాడదు, ఇంకా ముంచుతుంది.

లెఫ్ట్‌ఫీల్డ్:
చట్టం సంగతి కూడా ఎవరో ఒకరు చెప్పాలిగా. ఆటగాళ్ళకి స్టెరాయిడ్స్ అమ్మిన బాల్కో కంపెనీ కేసులో 2003లో గ్రాండ్ జ్యూరీ ముందు ఇచ్చిన సాక్ష్యం మీద 2007లో కేసు పెట్టారు, 2011లో న్యాయప్రక్రియకి అడ్డుపడ్డాడని ఒక్క నేరం మాత్రమే తేల్చారు, 2015లో అప్పీల్ కోర్టు అదీ కొట్టేసింది. డోపింగ్ పేరుతో లీగ్ అతన్ని ఒక్క మ్యాచ్ కూడా సస్పెండ్ చెయ్యలేదు. అతను శుద్ధపూస అనడం లేదు. శిక్ష వెయ్యాల్సినవాళ్ళు వెయ్యకుండా చేతులు దులుపుకుని, ఆ పని మ్యూజియం ఓటర్ల మీదకి నెట్టేశారు. 1994లో సమ్మెతో వరల్డ్ సిరీసే రద్దయింది, జనం స్టేడియం ముఖం చూడని రోజుల్లో ఈ హోమ్ రన్లే వాళ్ళని వెనక్కి తెచ్చాయి. స్టెరాయిడ్ పరీక్షలు 2003 దాకా మొదలే కాలేదు. అప్పుడు లీగ్‌ని నడిపిన కమిషనర్ బడ్ సీలిగ్‌కి హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఫలకం ఉంది. ఇది నాకు మింగుడుపడదు.

ఫ్రీమాంట్‌వాసి:
ఆల్ఫరెట్టా బ్రదర్, ఆరన్ మాటకి నా దగ్గర జవాబు లేదు, అది నీ చోటు నుంచి సరైనదే. నా చోటు నుంచి కూడా ఒకసారి చూడు. ఆ రోజుల్లో నాలాంటి కొత్తగా దిగిన సాఫ్ట్‌వేర్ వాళ్ళం బార్ట్ రైలెక్కి చవక టికెట్ మీద వెళ్ళేవాళ్ళం, రూల్స్ సగం తెలియవు. అతను ప్లేట్ దగ్గరకి వస్తుంటే చాలు, బీరు కోసం లైన్లో ఉన్నవాళ్ళు లైన్ వదిలేసి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. కుడి మోచేతికి పెద్ద గార్డు, బ్యాట్‌ని కింద కొస దగ్గర కాకుండా కాస్త పైకి పట్టుకునేవాడు, ఊరికే కదలడు. నాలుగు బంతులు వదిలేస్తాడు, ఐదోదాన్ని కొడతాడు, అది స్టేడియం పక్కనున్న మెకోవీ కోవ్ నీళ్ళలో పడితే కయాక్‌లు దానికోసం కొట్టుకునేవి. వాక్ ఇచ్చినప్పుడల్లా జనం రబ్బరు కోళ్ళు తెచ్చి గోడకి వేలాడదీసేవాళ్ళు, పిరికివాళ్ళు అని పిచ్చర్లని ఎగతాళి చెయ్యడానికి. 2004లో 232 వాక్‌లు, అందులో 120 కావాలని ఇచ్చినవి. బంతి కొట్టలేక ఔటైన స్ట్రైకౌట్లు 41. అప్పటికి నలభై ఏళ్ళు మనిషికి!

ఆ ఏప్రిల్ 16న డాడ్జర్స్ పిచ్చర్ ఎరిక్ గాన్యే మూడు పరుగుల ఆధిక్యం ఉంది కదా అని వాక్ ఇవ్వకుండా ఎదురు నిలబడ్డాడు. నిప్పుల్లాంటి బంతులు. ఒకదాన్ని బాండ్స్ ఎంత తొందరగా తిప్పాడంటే అది ఫౌల్ అయి నీళ్ళలో పడింది, అంత వేగాన్ని కూడా ముందే అందుకున్నాడు! కాసేపటికి సెంటర్ మీదుగా హోమ్ రన్ కొట్టాడు. మ్యాచ్ 3-2తో మేం ఓడిపోయాం, అయినా స్టేడియంలో ఒక్కడూ దిగులుగా లేడు. తర్వాత డోపింగ్ మీద వచ్చిన 2007 మిచెల్ నివేదికలో గాన్యే పేరు కూడా వచ్చింది. మరి ఆ ఆటని నేనేం చెయ్యాలి? ఇద్దరిదీ చెరిపెయ్యాలా? నా వల్ల కాదు.

చార్మినార్99:
హైదరాబాద్ వాడిగా ఒక మాట. అజహర్ మణికట్టు చూసి పెరిగినవాళ్ళం, 2000లో బోర్డు జీవితకాల నిషేధం వేస్తే ఇంట్లో ఎవరూ రెండు రోజులు క్రికెట్ మాటెత్తలేదు. 2012లో హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. ఇప్పటికీ 99 టెస్టులు అనగానే గుండె కలుక్కుమంటుంది, ఆ లెగ్ సైడ్ ఫ్లిక్ గుర్తొస్తే మళ్ళీ మురిసిపోతాం. రెండూ ఉంటాయి.

ఆల్ఫరెట్టా:
అది వేరే సంగతి తమ్ముడూ. అక్కడి ఆరోపణ డబ్బు తీసుకుని ఓడిపోవడానికి ఆడారని, ఇక్కడిది గెలవడానికి హద్దు దాటాడని. ఫిక్సింగ్ అయితే చూసిన ఆటే నిజం కాదు. బాండ్స్ కొట్టినవి నిజంగానే కొట్టాడు, అది నేనూ కాదనను. నా గొడవంతా ఆ రెండు అంకెలని పక్కపక్కన పెట్టడం మీదే.

పాలమూరుపిల్ల:
మరి పక్కపక్కన పెట్టి, కింద జరిగింది రాస్తే? ఆరన్‌ని దాటిన 756వ హోమ్ రన్ బంతిని మార్క్ ఎకో అనే ఫ్యాషన్ డిజైనర్ 7,52,467 డాలర్లకి కొని, ఈ రికార్డు మీద అనుమానం ఉందన్నట్టు దాని మీద నక్షత్రం గుర్తు కొట్టించి కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియానికి ఇచ్చాడు. బంతి లోపలుంది, కొట్టినవాడు బయట ఉన్నాడు. ఫలకం పెట్టి, దాని మీదే బాల్కో పేరు, ఆ ఏళ్ళు, పరీక్షలు లేని కాలం అని రాయండి. పిల్లలు చదువుకుని వాళ్ళే తేల్చుకుంటారు.

ఆల్ఫరెట్టా:
బాల్కో పేరు నిజంగా రాస్తామంటే నేను అభ్యంతరం చెప్పను. కానీ రాయరు, అక్కడున్న ఫలకాలన్నీ పొగడ్తలే.

ఫ్రీమాంట్‌వాసి:
రాస్తేనే పెట్టాలి అని నేనూ అంటాను. దాచిపెట్టి లోపలికి పంపితే మేం చూసింది కూడా అబద్ధం అయిపోతుంది.