బ్యాండ్ క్లాసులో నాలుగుకు రెండు వచ్చింది, ట్యూషన్ పెట్టించాలా?

మిర్యాలగూడ నుంచి, కొత్తగా వెర్మాంట్‌లో

అన్నలకు, అక్కలకు నమస్తే. ఈ వేసవిలోనే బర్లింగ్టన్ దగ్గరికి వచ్చాం. మా బాబు ఆరో తరగతి. బ్యాండ్‌లో క్లారినెట్ తీసుకున్నాడు. నిన్న రిపోర్టు వచ్చింది: టోన్ (నాదం) 3, రిథమ్ (తాళం) 2, ఆర్టిక్యులేషన్ (స్వరాలను స్పష్టంగా మొదలుపెట్టే తీరు) 2. కింద 'పని అలవాట్లు' అని విడిగా ఇంకో వరుస, అందులో 4. రోజూ అరగంట వాయిస్తాడు, నేనే పక్కన కూర్చుంటాను. అయినా 2 అంటే యాభై శాతమే కదా? టెక్సాస్‌లో ఉన్న మా బావ కూడా అదే లెక్క చెప్పాడు. మా ఆవిడకు ఒకటే టెన్షన్. ట్యూషన్ పెట్టించాలా, లేక బ్యాండ్ మానిపించి కోడింగ్‌లో వేయాలా? ఇంకో సంగతి, డిసెంబర్‌లో ఊరికి టికెట్లు బుక్ చేశాం. కాన్సర్టు కూడా అప్పుడేనట.

జడ్చర్ల అన్న

తమ్మీ, ముందు ఆ శాతాల లెక్క పక్కన పెట్టు. ఈ పద్ధతిలో 3 అంటే 75 కాదు, 2 అంటే 50 కాదు. ఈ తరగతిలో ఈపాటికి రావాల్సింది వచ్చేసింది అంటే 3. వస్తోంది కానీ ఇంకా నిలకడ లేదంటే 2. 4 ఎప్పుడిస్తారన్నది స్కూలును బట్టి ఉంటుంది, చాలాచోట్ల అడిగినదానికి మించి చేసి చూపిస్తేనే ఇస్తారు. పదో తరగతిలో టెన్ బై టెన్ వచ్చిన పిల్లల ఫొటోలతో చౌరస్తా నిండా ఫ్లెక్సీలు కట్టిన ఊళ్లు మనవి. అందుకే 3 కనబడగానే ఆ ఒక్కటి ఎక్కడ పోయిందా అని వెతుకుతాం. ఇక్కడ ఏదీ పోలేదు.

ఇది మీ స్కూలువాళ్లు సొంతంగా పెట్టుకున్న పద్ధతి కాదు. వెర్మాంట్‌లో 2013లో యాక్ట్ 77 వచ్చింది. ఆ తర్వాతి నిబంధనల ప్రకారం 2020లో హైస్కూలు పూర్తిచేసే బ్యాచ్ నుంచి, క్లాసులో ఎన్ని గంటలు కూర్చున్నారని కాకుండా ఏం నేర్చుకున్నారో చూసి గ్రాడ్యుయేషన్ ఇవ్వాలన్నారు. అదే ధోరణి కింది తరగతులకూ పాకింది. దగ్గర్లోని మెయిన్ రాష్ట్రం 2012లో ఇలాంటి చట్టమే చేసి, గొడవలయ్యాక 2018లో తప్పనిసరి కాదని వెనక్కి తగ్గింది. కాబట్టి టెక్సాస్‌లో ఉన్న మీ బావ చెప్పే మార్కుల లెక్క మీకు పనికిరాదు.

బ్యాండ్‌లో ఈ మార్పు ఎక్కువగా కనబడుతుంది. చాలా స్కూళ్లలో పాత పద్ధతి ఏమిటంటే, టైముకు రావాలి, వాయిద్యం మరిచిపోకుండా తేవాలి, ప్రాక్టీసు చార్టు మీద ఇంట్లో సంతకం పెట్టించాలి, కాన్సర్టుకు నల్ల ప్యాంటు వేసుకుని నిలబడాలి. ఇంతే, 'ఏ' గ్రేడు. వెనక వరుసలో వేళ్లు మాత్రం ఆడిస్తూ ఏడాది నెట్టుకొచ్చినవాడికీ అదే 'ఏ'. ఆ చార్టు మీద ఆదివారం రాత్రి వారం మొత్తానికీ ఒకేసారి సంతకం పెట్టని తండ్రి ఉంటే చెప్పండి, దండం పెడతా. ఇప్పుడు అలవాట్లు ఒక వరుసలో, వాయింపు ఇంకో వరుసలో వేస్తున్నారు. మీ బాబుకు అలవాట్లలో 4, వాయింపులో 2 వచ్చాయంటే, పిల్లవాడు కష్టపడుతున్నాడు, ఏదో ఒక పట్టు మాత్రం చిక్కలేదని సార్ చెబుతున్నట్టు. రోజూ అరగంట కాస్తా గంట చేసినా, అదే తప్పు గంటసేపు వాయిస్తే 2 అక్కడే ఉంటుంది.

ఆ పట్టు ఏమిటో ఇంట్లోనే కొంత కనిపెట్టవచ్చు. క్లారినెట్‌లో మామూలుగా ప్రతి స్వరాన్నీ నాలుకతో మొదలుపెట్టాలి. గాలి ఆగకుండా పోతూ ఉండాలి, నాలుక కొన రీడ్ (ఊదేచోట బిగించే పలుచని పట్టీ) కొనకు తగిలీ తగలనట్టు 'తు' అనాలి. కొత్త పిల్లలు నాలుక వాడకుండా ప్రతి స్వరానికీ గాలి ఆపి మళ్లీ 'హు' అని ఊదుతారు. స్వరం వస్తుంది కానీ మొదలు మెత్తగా, కాస్త ఆలస్యంగా వస్తుంది. ఒకే స్వరాన్ని నాలుగుసార్లు వాయించమను. తు-తు-తు-తు వినబడుతుందా, హు-హు-హు-హు వినబడుతుందా? వంటింట్లోంచి విన్నా తేడా తెలిసిపోతుంది. హు-హు అయితే మీ రెండు రెండ్లూ బహుశా ఒకటే తప్పు. స్వరం ఆలస్యంగా మొదలైతే తాళం కూడా జారుతుంది కదా. ఫోన్‌లో మెట్రోనోమ్ (తాళం కొట్టే) యాప్‌ను నిమిషానికి 60 మీద పెట్టి, పాట జోలికి పోకుండా రోజూ కాసేపు ఇదొక్కటే చేయించు. ట్యూషన్ ఇప్పుడే వద్దు.

సార్‌కు మెయిల్ పెట్టేటప్పుడు గ్రేడు ఎందుకు తగ్గిందని అడగొద్దు. ఏ భాగంలో 2 వచ్చింది, 3 రావాలంటే ఏం వినిపించాలి, మళ్లీ వాయించి చూపించే అవకాశం ఎప్పుడు, ఈ మూడే అడుగు. ఈ పద్ధతి నడిచే చాలాచోట్ల మళ్లీ పరీక్ష ఇస్తారు, పాతదీ కొత్తదీ కలిపి సగటు తీయకుండా తాజాగా వాయించినదాన్నే లెక్కలోకి తీసుకుంటారు.

ఇక కోడింగ్ సంగతి. మన నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్యకు పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ వస్తే అందరం వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నాం. మనింటి పిల్లవాడు వాయిద్యం పడితే మాత్రం కోడింగ్ గుర్తొస్తుంది!

నల్లగొండ అక్క

అన్న చెప్పినదాంట్లో చాలావరకు నిజమే, కానీ మరీ అంత మెచ్చుకోవడం నాకు నచ్చలేదు. అరవై మంది పిల్లలున్న బ్యాండ్‌లో ఒక్కొక్కరిని విడిగా వినడానికి సార్‌కు టైమ్ ఎక్కడిది? అందుకే ఇంట్లో రికార్డు చేసి పంపమంటారు. ల్యాప్‌టాప్ మైకులో క్లారినెట్ తగరపు డబ్బాలా వినబడుతుంది, దాని మీదే టోన్‌కు మార్కులు. పైగా 'మళ్లీ వాయించొచ్చులే' అనే ధీమాతో పిల్లలు అన్నీ టర్మ్ చివరికి నెట్టుకుంటారు. మా అమ్మాయి ఫ్లూట్‌కు ఇదే తంతు. మొదటి అవకాశమే చివరిది అనుకోమని చెప్పు. హైస్కూలుకు వెళ్లాక ఈ 3, 4లను జీపీఏలోకి ఎలా మారుస్తారో కూడా ముందే అడిగి ఉంచుకో, ఒక్కో స్కూల్ డిస్ట్రిక్టులో ఒక్కో పట్టిక.

ఇంకొకటి, రీడ్ చూశావా తమ్ముడూ? కొన పగిలినా, నెలల తరబడి అదే వాడుతున్నా ఎంత వాయించినా అంతే. మొదట్లో రెండు లేదా రెండున్నర నంబరు వాడతారు, సార్ ఏది చెబితే అది కొను. మూడు నాలుగు రీడ్లు మార్చి మార్చి వాడమను. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని క్లారినెట్ కొనేశారా, అద్దెకు తెచ్చారా? చవకరకం పాడైతే చాలా షాపుల్లో రిపేరుకు కూడా తీసుకోరు.

మిర్యాలగూడ నుంచి, కొత్తగా వెర్మాంట్‌లో

అద్దెదే అక్కా. రీడ్ చూశా, కొన మీద చిన్న పెచ్చు ఊడింది. 'హు-హు' కూడా నిజమే అన్నా! మరి కాన్సర్టు?

జడ్చర్ల అన్న

టికెట్లు మార్చొద్దు, డబ్బు దండగ. కానీ కాన్సర్టుకు వారం ముందు చెప్పకుండా ఇప్పుడే చెప్పు. వేదిక మీద నిలబడటం ఒకటి, తన భాగం వాయించగలగడం ఒకటి. రెండోదాన్ని వెళ్లేముందు సార్ ఎదుట వాయించి గానీ, రికార్డింగ్‌తో గానీ చూపించవచ్చా అని అడుగు. చాలామంది ఒప్పుకుంటారు. కొందరు కాన్సర్టే పరీక్ష అంటారు, వాళ్ల దృష్టిలో బ్యాండ్ అంటే పదిమందితో కలిసి వాయించడమే. అదీ న్యాయమే. అప్పుడు అలవాట్ల వరుసలో 4 కాస్త తగ్గినా వాదనకు దిగొద్దు.

నల్లగొండ అక్క

ఊరికి క్లారినెట్ తీసుకెళ్తే చెకిన్ బ్యాగులో వేయకు, చేతి సామానులోనే పెట్టు. అద్దె కాగితంలో దేశం దాటించొచ్చో లేదో ముందు చూసుకో.