డాక్టరు ముందు "బాగానే ఉంది" అనే నాన్నతో ఏం చేయాలి?

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. నాన్నకు 66 ఏళ్లు. 12 ఏళ్లుగా షుగరు, ఇప్పుడు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.9కి చేరింది, అంటే కిడ్నీలు దెబ్బతింటున్నట్టే. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడు నీళ్లు తాగిన ఒళ్లు, నడుము వంగదు, మెడ తిరగదు. మిషన్ భగీరథ పథకం మంచినీళ్లు వచ్చాయి కానీ, బిగుసుకున్న కీళ్లు వదలవు కదా!

ఇంట్లో రాత్రంతా మూలిగే మనిషి, డాక్టరు గదిలోకి వెళ్లగానే "బాగానే ఉంది సార్" అంటారు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పులకు సూది వేయించుకుంటున్న సంగతి, డైక్లోఫెనాక్ బిళ్లలు మింగుతున్న సంగతి అస్సలు చెప్పరు. అవి కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి. నేను చెప్పబోతే, బయటికి వచ్చాక "నా పరువు తీశావు" అని రెండు రోజులు మాట్లాడరు. డాక్టరుగారేమో రిపోర్టు చూసి, మందులు రాసి, తలెత్తకుండానే తరువాతి పేరు పిలుస్తారు. ఆయన్నీ తప్పుపట్టలేను, బయట వరుస అంత ఉంటుంది.

ఈసారి వాడుతున్న మందులన్నీ, ఆ సూది మందు ఖాళీ సీసాతో సహా, ఒక సంచిలో వేసి బల్ల మీద పెడదామనుకుంటున్నాను. లేక ముందే చీటీ రాసి నర్సుకు ఇవ్వడం మేలా? నాన్నకు తెలిస్తే ఇక ఆస్పత్రికే రానంటారేమోనని భయం.

మీ ఇళ్లలో ఇలాంటి పెద్దవాళ్లుంటే ఎలా నెగ్గుకొచ్చారు? దొరికే ఆ రెండు నిమిషాల్లో ముందు ఏది అడగాలి? కిడ్నీకి హాని లేకుండా నొప్పి తగ్గే మార్గం అడిగితే నాన్న కూడా నోరు విప్పుతారని నా ఆశ. వచ్చే మంగళవారమే వెళ్లాలి.